వామీ బార్ మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఎలక్ట్రిక్ గిటార్ సెటప్ గురించి నాలుగు మాటలు రాస్తే, వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒక్క బార్ గురించే ఉన్నాయి. గిటార్ పొట్ట మీద తీగలు ఆనే బ్రిడ్జ్‌కి తగిలించి ఉండే ఆ ఇనుప కడ్డీని కొందరు వామీ అంటారు, కొందరు ట్రెమొలో అంటారు. దాన్ని నొక్కితే తీగలన్నీ ఒక్కసారి వదులై శ్రుతి దిగుతుంది, పైకి లాగితే బిగిసి ఎక్కుతుంది. చాలామంది దాన్ని విప్పి బ్యాగు జేబులో పడేశారని ఉత్తరాలు చూస్తే అర్థమవుతోంది. విజయవాడలో నా రిపేర్ బల్ల మీదికి వచ్చే గిటార్లదీ అదే పరిస్థితి. ఇది నాకు బాధ కలిగించే విషయం. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాను.

మాస్టారూ, నేను బీటెక్ చదువుతున్నాను. స్ట్రాట్, అంటే ఫెండర్ స్ట్రాటోకాస్టర్ మోడల్ గిటార్ కొన్నాను. బార్ ఒక్కసారి నొక్కి వదిలితే చాలు, శ్రుతి పోతోంది. 'ఈ ధరలో గిటార్లు ఇంతే, బార్ తీసెయ్' అని షాపులో చెప్పారు. నిజంగా ఇంతేనా?
— ఒక విద్యార్థి, తెనాలి

కాదు. దయచేసి బార్ తీసెయ్యకండి. తక్కువ ధర గిటార్‌లో లోహం మెత్తగా ఉండొచ్చు, స్క్రూలు త్వరగా అరగొచ్చు, ఒప్పుకుంటాను. కానీ శ్రుతి నిలవట్లేదంటూ నా దగ్గరికి వచ్చే గిటార్లలో చాలావాటికి బార్ బాగానే ఉంటుంది. తేడా గిటార్ అవతలి కొసన, నట్ దగ్గర, అంటే తల దగ్గర తీగలు గాడుల్లో ఆనే చిన్న పట్టీ దగ్గర ఉంటుంది.

ముందు ఒక పరీక్ష చేయండి. ట్యూనర్ పెట్టుకుని ఆరు తీగలూ సరిగ్గా శ్రుతి చేయండి. తీగలు బాగా వదులయ్యేదాకా బార్ నొక్కి, మెల్లగా వదలండి. ఇప్పుడు ఏ తీగ ఎటు తప్పిందో కాగితం మీద రాసుకోండి. శ్రుతి పెరిగిందా తగ్గిందా అన్నదాన్ని బట్టి లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది.

పెరిగి ఉంటే అనుమానం నట్ మీద. బార్ నొక్కినప్పుడు నట్‌కీ బ్రిడ్జ్‌కీ మధ్య తీగ వదులవుతుంది. నట్ అవతల శ్రుతి చేసే కీల వైపున్న చిన్న ముక్క మాత్రం ఇంకా బిగువుగానే ఉండి, తీగను కాస్త తన వైపు లాక్కుంటుంది. బార్ వదలగానే ఆ తీగ నట్ గాడిలోంచి జారి వెనక్కి రావాలి. గాడి ఇరుకుగానో గరుకుగానో ఉంటే అక్కడే పట్టేసుకుంటుంది. వెనక్కి రాకుండా మిగిలిపోయిన ఆ వెంట్రుకవాసి వల్లే శ్రుతి పెరిగి వినిపిస్తుంది. కీ తిప్పుతున్నప్పుడు 'టిక్' మని చప్పుడు వచ్చి ట్యూనర్ ముల్లు గెంతుతోందంటే కూడా ఇదే కారణం. స్ట్రాట్ తల మీద సన్న తీగలను కిందికి అదిమి ఉంచే చిన్న రేకు కూడా చూడండి. స్ట్రింగ్ ట్రీ అంటారు. తీగ అక్కడ కూడా రాసుకుంటుంది.

మందు మీ ఇంట్లోనే ఉంది. ఒక్కొక్క తీగనే వదులు చేసి, గాడిలోంచి పక్కకు తప్పించి, మెత్తటి పెన్సిల్ ములికితో గాడిలో బాగా రుద్దండి. ఆ నల్లపొడి మీద తీగ తేలిగ్గా జారుతుంది. స్ట్రింగ్ ట్రీ అడుగున కూడా అదే పని చేయండి. సగం గిటార్లకు ఇది సరిపోతుంది. గాడి నిజంగానే ఇరుకైతే, తీగ మందానికి తగిన నట్ ఫైల్‌తో వెడల్పు చేయాలి. ఇంట్లో రంపం బ్లేడుతో మాత్రం ప్రయత్నించకండి. గాడి లోతైపోతే తీగ మెడ మీది మొదటి ఫ్రెట్‌కి, అంటే మెట్టుకి, తగిలి జివ్వుమంటుంది, అప్పుడు నట్టే మార్చాల్సి వస్తుంది.

ఇక శ్రుతి తగ్గి ఉంటే లోపం వేరు. కొత్త తీగలు వేసినప్పుడు వాటిని లాగి సాగదీయాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర వేలితో పట్టుకుని మెల్లగా పైకి లాగడం, మళ్లీ శ్రుతి చేయడం, శ్రుతి దిగడం ఆగేదాకా. కీ కడ్డీ మీద ఏడెనిమిది చుట్లు ఒకదాని మీద ఒకటి వేసేవాళ్లను చూస్తుంటాను, అవి బార్ నొక్కిన ప్రతిసారీ సర్దుకుంటూనే ఉంటాయి. చక్కగా పక్కపక్కన రెండు మూడు చుట్లు చాలు.

బ్రిడ్జ్ ముందు అంచున ఆరు స్క్రూలు ఉంటాయి. అవి బిగించేసి ఉన్నాయేమో చూడండి. బ్రిడ్జ్ ఆ స్క్రూల మీద ఊగాలి. రెండు కొసల స్క్రూలనూ బ్రిడ్జ్ పలకకు తగిలీ తగలనట్టు ఉంచి, మధ్య నాలుగింటినీ ఇంకాస్త పైకి విప్పండి. బార్ మెత్తబడటం చేతికే తెలుస్తుంది.

9 నంబర్ సన్న తీగల సెట్ తీసి, కాస్త లావైన 10 వేశాను. బ్రిడ్జ్ వెనక భాగం పైకి లేచిపోయింది. ఒక తీగ శ్రుతి చేస్తే మిగతావి దిగిపోతున్నాయి. గిటార్ పాడైందా? ఆదివారం చర్చిలో వాయించాలి, టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, కాకినాడ

గిటార్‌కి ఏమీ కాలేదు. ఆదివారంలోపు మీరే సరిచేసుకోవచ్చు.

తేలే బ్రిడ్జ్ ఒక త్రాసు. ఒక పక్క తీగలు లాగుతుంటాయి, ఇంకో పక్క గిటార్ వెనక గుంతలో ఉన్న స్ప్రింగులు లాగుతుంటాయి. రెండు లాగుళ్లూ సమానమైన చోట ముల్లు ఆగినట్టు బ్రిడ్జ్ ఆగుతుంది. స్ట్రాట్ కొలతలో, మామూలు శ్రుతిలో 9 సెట్ మొత్తం బిగువు సుమారు 38 కిలోలు. 10 సెట్‌కి సుమారు 46. మీరు ఒక పక్క 8 కిలోలు అదనంగా వేసి, రెండో పక్క ఏమీ వేయలేదు. అందుకే బ్రిడ్జ్ ముందుకు ఒరిగింది. ఒక తీగ బిగిస్తే బ్రిడ్జ్ ఇంకాస్త ఒరుగుతుంది కాబట్టి మిగతా అయిదూ దిగుతాయి.

వెనక ప్లాస్టిక్ పలక విప్పండి. స్ప్రింగులు తగిలించిన రేకు, దాన్ని చెక్కలోకి పట్టి ఉంచే రెండు పొడవాటి స్క్రూలు కనిపిస్తాయి. తీగలను కాస్త వదులు చేసి, రెండు స్క్రూలనూ సమానంగా ఒక్కో చుట్టు లోపలికి బిగించండి. మళ్లీ శ్రుతి చేసి బ్రిడ్జ్ చూడండి. ఇంకా లేచి ఉంటే ఇంకో చుట్టు. ప్రతిసారీ పూర్తిగా శ్రుతి చేశాకే చూడాలి, మధ్యలో చూసి కంగారు పడకండి. వెనక అంచు కింద సుమారు 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలని ఫెండర్ కంపెనీ చెప్పే కొలత. స్క్రూలు చివరిదాకా వెళ్లినా సరిపోకపోతే నాలుగో స్ప్రింగు తగిలించండి. 1954లో మొదటి స్ట్రాట్‌లు వచ్చినప్పుడు తీగలు లావు, అందుకే అయిదు స్ప్రింగులు. ఇప్పుడు సన్న తీగలతో ఎక్కువమంది మూడే వాడతారు.

చర్చిలో మీరు వాయించేది ఎక్కువగా కార్డ్సే (ఒకేసారి పలికే స్వరాల గుంపులు) అయితే, బార్ అవసరం అంతగా లేకపోతే, ఇంకో దారి ఉంది. స్ప్రింగులు బాగా బిగించి బ్రిడ్జ్‌ని గిటార్ చెక్కకు ఆనించేయండి. అప్పుడు బార్ కిందికి మాత్రమే పనిచేస్తుంది, కానీ ఒక తీగ తెగినా మిగతావి నిలబడతాయి. రాక్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ అయితే లోపల గుంతలో చెక్కముక్క దూర్చి బ్రిడ్జ్‌ని కదలనివ్వడు. అంత పేరున్నవాడికే బార్ అక్కర్లేదు కాబట్టి మీరేమీ చిన్నతనంగా అనుకోవద్దు.

నా అకౌస్టిక్ గిటార్‌కి వామీ బార్ పెట్టించవచ్చా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

వద్దమ్మా. మీ గిటార్ బ్రిడ్జ్ పల్చటి పైపలకకు జిగురుతో అతికించి ఉంటుంది. ఆ పలక కదిలితేనే మీకు శబ్దం వినిపిస్తుంది. దాని మీద స్ప్రింగులూ ఇనుమూ పెడితే నాదం చచ్చిపోతుంది. ఎడమచేతి వేలితో తీగను ఊపడం నేర్చుకోండి, దానికి ఖర్చేమీ లేదు.

ఈ ఏర్పాటు మొదట ఎవరికి తట్టింది? రిటైరయ్యాక గిటార్ నేర్చుకుంటున్నాను, చరిత్ర తెలుసుకోవాలని ఆసక్తి.
— రిటైర్డ్ లెక్కల మాస్టారు, అనంతపురం

మాస్టారూ, ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. అమెరికాలో హవాయి గిటార్ మోజు బలంగా ఉన్న కాలంలో మొదలైంది ఈ కథ. ఒళ్లో గిటార్ పెట్టుకుని ఇనుప కడ్డీ జార్చి వాయించేవాళ్ల తీగ అలా అలలుగా ఊగుతుంటే, మామూలు గిటార్ వాళ్లకు అదే ధ్వని కావాలనిపించింది. కాలిఫోర్నియాలో డాక్ కాఫ్‌మన్ అనే ఆయన తీగలను ఊపే వైబ్రోలా అనే ఏర్పాటు చేశాడు. 1930లలో రికెన్‌బ్యాకర్ గిటార్ల మీద అది వచ్చింది. చేత్తో పక్కకు ఊపాలి. మోటారు పెట్టి తనంతట తానే ఊగే రకం కూడా చేశాడాయన. లోపం ఏమిటంటే, ఊపాక శ్రుతి సరిగ్గా వెనక్కి వచ్చేది కాదు. తెనాలి విద్యార్థి బాధ అప్పటి నుంచీ ఉన్నదే.

మెర్ల్ ట్రావిస్ అనే కంట్రీ గిటారిస్టు తన వైబ్రోలాను బాగుచేయమని పాల్ బిగ్స్‌బీకి ఇచ్చాడు. బిగ్స్‌బీ మోటార్‌సైకిల్ పందేల మనిషి, లోహపు పోతకు నమూనాలు చేయడంలో చెయ్యి తిరిగినవాడు. పాతది బాగుచేయడం మానేసి కొత్తదే తయారుచేశాడు. పోత అల్యూమినియం, ఒక గుండ్రటి కడ్డీ, దాని చుట్టూ తీగలు, చేతికర్ర కింద ఒకే ఒక్క లావు స్ప్రింగు. ఇప్పటికీ ఆ రూపం పెద్దగా మారకుండా అమ్ముడవుతోంది. శ్రుతి కొంచెమే మారుతుంది, కార్డు మీద మెత్తగా ఊపితే గాలి తగిలిన దీపంలా కదులుతుంది. నాకు వ్యక్తిగతంగా అన్నిటికంటే ఇష్టమైన ధ్వని ఇదే.

1954లో లియో ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌తో దారి మార్చాడు. అంతవరకూ బ్రిడ్జ్ ఒకచోట, ఊపే భాగం ఇంకోచోట ఉండేవి. ఆయన బ్రిడ్జ్‌నే ఊగేలా చేశాడు. దాని కిందుగా బరువైన ఉక్కు దిమ్మ పెట్టి, తీగల కొసలు అందులోనే ఆపి, స్ప్రింగులు వెనక గుంతలో దాచాడు. 1956లో పేటెంటు వచ్చింది. ఆ డిజైన్‌లో పనిచేసిన ఫ్రెడ్డీ టవారెస్ హవాయిలో పుట్టినవాడు, స్వయంగా స్టీల్ గిటారిస్టు. మెత్తగా ఊపడానికని చేసిన ఈ బార్‌ని 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవం వేదిక మీద రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ తీగలు వేలాడేదాకా నొక్కి, బాంబులు పడుతున్న ధ్వని పుట్టించాడు.

లెక్కల మాస్టారు కాబట్టి ఒక్క ముక్క. తీగ సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్నది బిగువు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. శ్రుతి సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగాలంటే బిగువు నాలుగో వంతుకు పడిపోవాలి. హెండ్రిక్స్ తీగలు అంత వదులుగా ఎందుకు వేలాడాయో దీన్నిబట్టి లెక్క కట్టండి.

నమస్కారమండీ. ఏడేళ్లుగా వీణ నేర్చుకుంటున్నాను. అన్నయ్య ఎలక్ట్రిక్ గిటార్ మీద కృతులు ప్రయత్నిస్తున్నాను. వామీ బార్‌తో గమకాలు పలికించవచ్చా? మా గురువుగారు నవ్వారు.
— ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరం

అమ్మా, మీ గురువుగారి నవ్వులో న్యాయం ఉంది, మీ ప్రశ్నలోనూ ఉంది.

మొదట కష్టం చెప్తాను. వీణ మీద మీరు తీగను పక్కకు లాగితే ఆ ఒక్క తీగే ఎక్కుతుంది, తాళం తీగలు మీ షడ్జమాన్ని పట్టుకుని ఉంటాయి. బార్ అలా కాదు, అన్ని తీగలనూ కదుపుతుంది. అది కూడా సమానంగా కదపదు. చాలామంది ఇష్టపడే ఒక సెట్టింగులో బార్‌ని పైకి పూర్తిగా లాగితే మూడో తీగ మూడు సెమీటోన్లు (ఒక సెమీటోన్ అంటే ఒక ఫ్రెట్ దూరం) ఎక్కుతుంది, రెండోది రెండు, మొదటిది ఒకటే. మూడోది చుట్టు లేని ఉక్కు తీగల్లో లావైనది, అందుకని అదే ఎక్కువ కదులుతుంది. కాబట్టి ఒక తీగ మీద మీ చేతికి అలవాటైన ఊపు ఇంకో తీగ మీద తప్పు స్వరం ఇస్తుంది. అన్ని తీగలూ ఒకే మేరకు కదిలేలా నెడ్ స్టైన్‌బర్గర్ 1980లలో ట్రాన్స్‌ట్రెమ్ అనే ఏర్పాటు చేశాడు. అది చాలా అరుదు, దాని కోసం వెతకమని మీకు చెప్పను.

మన ప్రాంతం నుంచే గొప్ప ఉదాహరణ ఉంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు జంట తీగల మామూలు మాండలిన్ పక్కన పెట్టి, ఒంటి తీగలు అయిదు ఉన్న ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకున్నారు. బార్ లేదు. గమకం మొత్తం ఎడమచేతి వేళ్లలోనే ఉంది. తోడి రాగంలో గాంధారం లాంటి స్వరాన్ని ఊపాలంటే ఎంత దూరం, ఎంత వేగం, ఎక్కడ ఆగాలి అన్నది వేలికొస తీగను తాకుతూ నిర్ణయించుకుంటుంది. ఆ పనికి బార్ సరిపోదు. మీరు కూడా కంపితం, అంటే స్వరాన్ని ఊపే గమకం, వేలితోనే చేయండి. 9 సెట్ సన్న తీగలు వేసుకుంటే వీణ చేతికి సులువుగా లొంగుతాయి. ఒక జాగ్రత్త: బ్రిడ్జ్ తేలుతూ ఉంటే మీరు ఒక తీగ లాగినప్పుడు మిగతావి దిగుతాయి. గిటార్ మీద శ్రుతికి ఒక తీగ మోగిస్తూ వాయిద్దామనుకుంటే అది అపస్వరం అవుతుంది. బ్రిడ్జ్‌ని చెక్కకు ఆనించేయండి.

మరి బార్ దేనికి పనికొస్తుంది? జారుకి, అంటే ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడానికి. వీణ మీద తీగ లాగితే స్వరం పైకే వెళుతుంది, దిగాలంటే లాగిన తీగను వదలాలి. బార్ నేరుగా కిందికి దింపుతుంది. తారషడ్జమం మీటి, బార్ నొక్కుతూ పంచమం దాకా, అంటే అయిదు సెమీటోన్లు, ఒక్క మీటుతో మెట్ల చప్పుడు లేకుండా దిగవచ్చు. అక్కడ మెట్టు లేదు, చెవి ఒక్కటే ఆధారం. తంబురా యాప్ పెట్టుకుని రోజూ ఈ ఒక్క ప్రయోగం చేయండి. రాక్ గిటారిస్టు జెఫ్ బెక్ వాయించినది వినండి. ఆయన తీగ మీటే చిన్న పలక, పిక్, వదిలేసి వేళ్లతోనే మీటుతూ, బార్‌ని అరచేతిలో ఉంచుకుని, ఒక్కో స్వరాన్నీ గొంతుతో పాడినట్టు తేల్చేవాడు. సంప్రదాయం వేరైనా, ఆ శ్రద్ధ మీ గురువుగారికి కూడా నచ్చుతుందని నా నమ్మకం. ఆయనకు వినిపించి ఏమన్నారో నాకు రాయండి.

ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్ వాయిస్తాను. ఫ్లాయిడ్ రోజ్ రకం బ్రిడ్జ్ ఉన్న గిటార్ సెకండ్ హ్యాండ్‌లో చౌకగా వస్తోంది. కొనొచ్చా సార్?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

మీకది ఒక్కటే గిటార్ అయితే కొనకండి. రెండోదిగా అయితే ఆనందంగా కొనండి.

ఫ్లాయిడ్ రోజ్ అనే అమెరికన్ గిటారిస్టు 1970లలో నట్ దగ్గర తీగ జారే సమస్యకు సూటి పరిష్కారం కనిపెట్టాడు. తీగను జారనివ్వకుండా నట్ దగ్గరే బిగించేశాడు. బ్రిడ్జ్ కొసన కూడా అంతే. 1979లో పేటెంటు వచ్చింది. తర్వాత బ్రిడ్జ్ మీదే శ్రుతిని కొంచెం కొంచెంగా సర్దే చిన్న ఫైన్ ట్యూనర్లు చేర్చారు, ఎందుకంటే నట్ బిగించాక తల మీది కీలు తిప్పినా లాభం లేదు. ఎంత ఘోరంగా నొక్కినా శ్రుతి వెనక్కి వచ్చేస్తుంది. అది నిజంగా గొప్ప పనితనం.

కానీ మీ వేదిక ఎలా ఉంటుందో నాకు తెలుసు. గాయని వచ్చి 'అర శ్రుతి దించండి' అంటుంది. కీబోర్డు వాళ్లు ఒక బటన్ నొక్కుతారు. మీరు నట్ విప్పి, ఆరు తీగలూ దించి, బ్రిడ్జ్ ఒరిగితే స్ప్రింగులు సర్ది, మళ్లీ బిగించేసరికి పల్లవి అయిపోతుంది. శ్రుతి పెంచమంటే మెడకు బిగించే కేపో ఉంది, దించమంటే ఏదీ లేదు. పాట మధ్యలో ఒక తీగ తెగితే మిగతా అయిదూ ఒక్కసారిగా పైకి ఎక్కిపోతాయి, కార్డు పట్టడానికి ఉండదు. కొత్త తీగ వేయాలన్నా తీగ కొసనున్న గుండు కత్తిరించి, ఆరు పలకల కడ్డీ అయిన ఆలెన్ కీతో బిగించాలి.

కొనే ముందు ఇవి చూడండి. బ్రిడ్జ్ రెండు లావు బోల్టుల మీద ఊగుతుంది. బ్రిడ్జ్ అంచు కత్తిలా పదునుగా ఉండాలి, నొక్కుకుపోయి ఉంటే వదిలేయండి. బోల్టులు చెక్కలో కదులుతున్నాయేమో వేలితో పట్టుకుని ఊపి చూడండి. నట్ మీది మూడు బిగింపు ముక్కలూ ఉన్నాయా, ఆలెన్ కీ పెట్టే గుంతలు అరిగి గుండ్రంగా అయిపోయాయా చూడండి. అరిగిపోతే తీగ మార్చేటప్పుడు ఏడిపిస్తాయి. అసలు ఫ్లాయిడ్ రోజ్‌కి 3 మిల్లీమీటర్ల కీ కావాలి, ఒకటి ఎప్పుడూ గిటార్ బ్యాగులోనే ఉంచండి.

బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఉంటాం. బ్రిడ్జ్ స్క్రూలు తుప్పు పట్టాయి, బార్ నొక్కితే కీచుమంటోంది. కొబ్బరినూనె రాయమంటున్నారు.
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

కొబ్బరినూనె వద్దు. చలికాలం పేరుకుంటుంది, దుమ్మంతా పట్టేసి జిగురవుతుంది. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క, బ్రిడ్జ్ ఊగే చోట మాత్రమే, అగ్గిపుల్ల కొసతో అద్దండి. చెక్కకు అంటకూడదు. కీచు శబ్దం చాలాసార్లు వెనక స్ప్రింగుల కొక్కేల దగ్గరి నుంచి వస్తుంది, అక్కడ చిటికెడు వాజలీన్ చాలు. బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సాడిల్స్ ఎత్తు మార్చే చిన్న స్క్రూలు పూర్తిగా బిగుసుకుపోతే బలంగా తిప్పకండి, తల అరిగిపోతుంది. నూనె చుక్క వేసి ఒక రాత్రి వదిలేసి మర్నాడు తిప్పండి. వాయించాక చేతి చెమట పొడిగుడ్డతో తుడిచి, కేసులో సిలికా జెల్ పొట్లాలు రెండు పడేసి మూత పెట్టండి. గోడకు తగిలించి ఉంచే అలవాటు ఉంటే మీ ఊళ్లో మానుకోండి.